మెదడు స్కాన్లు మరో బృందంతో పంచుకోవాలంటే: సమ్మతి పత్రం నుంచి చివరి ఫైలు దాకా

పంజగుట్టలో తీసిన స్కాన్‌ని గచ్చిబౌలిలో ఒక విద్యార్థి తెరిచి, ఆసుపత్రికి ఒక్క ఫోన్ కూడా చేయకుండా పని మొదలుపెట్టగలిగితే, అప్పుడు ఆ డేటా పంచుకున్నట్టు. హార్డ్ డిస్క్ చేతులు మారినంత మాత్రాన పంచుకున్నట్టు కాదు. ఈ నగరంలో రోగులూ ఎమ్మారై యంత్రాలూ ఎక్కువగా ఆసుపత్రుల్లో ఉంటాయి. ఆ బొమ్మల మీద లెక్కలు చేసేవాళ్లు ట్రిపుల్ ఐటీలో, సెంట్రల్ యూనివర్సిటీలో, కంది దగ్గర ఐఐటీలో ఉంటారు. ఒకరి పని ఇంకొకరికి అందకపోతే రోగి యంత్రంలో కదలకుండా పడుకున్న ఆ 40 నిమిషాలు వృథా.

ఒక్క కేంద్రంలో ఒక జబ్బుకి ఇరవై ముప్ఫై మంది దొరకడమే గగనం. 2012లో ఆటిజం మీద అబైడ్ అనే ఉమ్మడి ప్రయత్నంలో 17 కేంద్రాలు తమ దగ్గరున్నవన్నీ కలిపితే 1112 మంది స్కాన్లు అయ్యాయి. మన దగ్గర ట్రిపుల్ ఐటీ హైదరాబాద్ 2019లో 100 మంది భారతీయుల స్కాన్లతో మెదడు అట్లాస్ (సగటు మెదడు పటం) తయారుచేసింది. ఇలాంటి పనులకి కావలసింది పెద్ద యంత్రం కాదు, స్కాన్ తీయకముందే మొదలయ్యే క్రమశిక్షణ.

సమ్మతి పత్రం

చాలా డేటా ఇక్కడే ఆగిపోతుంది. “ఈ అధ్యయనం కోసం మాత్రమే వాడతాం” అని రాసిన పత్రం మీద సంతకం తీసుకుంటే, ఐదేళ్ల తర్వాత ఎంత మంచి ఉద్దేశంతోనైనా ఆ స్కాన్లు బయటికి ఇవ్వలేరు. మళ్లీ ఒక్కొక్కరినీ వెతికి అడగాలి, లేదా ఎథిక్స్ కమిటీ దగ్గర మినహాయింపు కోరాలి. అందుకని మొదటి రోజునే మూడు గళ్లు విడివిడిగా పెట్టండి: ఈ అధ్యయనానికి, దేశంలోని ఇతర సంస్థలకి, విదేశీ సంస్థలకి. ప్రతిదానికీ “సరే”, “వద్దు” వేరుగా. ఆ జవాబులు కాగితం మీదే వదిలేయకుండా మీ పట్టికలో మూడు నిలువు వరుసలుగా ఎక్కించండి. పంపే రోజున ఎవరిది పంపవచ్చో ఆ వరుసలే చెబుతాయి.

పత్రంలో తెలుగు, ఇంట్లో మాట్లాడే తెలుగై ఉండాలి. ఇంగ్లీషు పత్రాన్ని మాటకి మాట మార్చిన తెలుగు చదివితే రాసినవాళ్లకే అర్థం కాదు. ఇలా రాయవచ్చు:

“మీ తల స్కాన్‌లో వచ్చిన బొమ్మలు, మీ వయసు, చదువు, మాట్లాడే భాషల వివరాలు వేరే పరిశోధన సంస్థలకి కూడా ఇస్తాం. వాటిలో మీ పేరు, ఊరు, ఫోన్ నంబరు, ఆధార్ నంబరు ఉండవు. బొమ్మలో ముఖం కనిపించే భాగం తీసేస్తాం. అయినా ఎప్పటికీ ఎవరూ గుర్తుపట్టలేరని మాట ఇవ్వలేం. దీనికి మీరు వద్దనవచ్చు, మీ వైద్యంలో తేడా ఏమీ రాదు. తర్వాత మనసు మారితే చెప్పండి. అప్పటినుంచి కొత్తగా ఎవరికీ ఇవ్వం, ఇచ్చినచోట తీసేయమని కోరతాం. అప్పటికే అచ్చయిన ఫలితాల్లోంచి మాత్రం తీయలేం.”

“గుర్తుపట్టలేరని మాట ఇవ్వలేం” అన్న వాక్యం తీసేయమని కొందరు సలహా ఇస్తారు, భయపడతారని. తీయకండి. అది నిజం, వాళ్లకి తెలియాల్సిన నిజం. పాతబస్తీ నుంచి వచ్చేవాళ్ల కోసం ఉర్దూ ప్రతి కూడా సిద్ధంగా ఉంచండి. చదవడం రానివారికి చదివి వినిపించేటప్పుడు బృందంతో సంబంధం లేని సాక్షి పక్కనుండాలి, వేలిముద్ర పక్కన ఆ సాక్షి సంతకం ఉండాలి. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) 2017 మార్గదర్శకాల ప్రకారం పిల్లల విషయంలో తల్లిదండ్రుల సమ్మతితో పాటు పిల్లల ఒప్పుకోలూ కావాలి: చిన్నపిల్లలది మాటగా, 12 ఏళ్లు దాటినవారిది రాతగా. 2023 డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం 18 నిండనివారందరినీ పిల్లలుగానే లెక్కిస్తుంది. విదేశీ బృందంతో కలిసి పనిచేసేట్టయితే ఆరోగ్య మంత్రిత్వ శాఖ స్క్రీనింగ్ కమిటీ అనుమతి సంగతి ముందే చూసుకోండి. స్కాన్లన్నీ అయ్యాక దరఖాస్తు పెట్టుకుంటే నెలలు గడిచిపోతాయి.

రెండు బృందాల మధ్య ఒప్పందం

రెండు మూడు పేజీలు చాలు. ఎవరెవరి కంప్యూటర్లలో ఉంటుంది, దేనికి వాడతారు, మూడో వ్యక్తికి ఇవ్వకూడదని, ఎవరినీ గుర్తుపట్టే ప్రయత్నం చేయకూడదని, పొరపాటున గుర్తుపడితే ఎవరికి చెప్పాలో, పని అయ్యాక ఎప్పటికల్లా చెరిపేయాలో రాసుకోండి. రచయితల జాబితా గురించి కూడా ఇప్పుడే మాట్లాడుకోండి. స్కాన్లు తీసిన రేడియోగ్రాఫర్, పరీక్షలు చేసిన సైకాలజిస్ట్ పేర్లు ఎక్కడ వస్తాయో ఫలితాలు వచ్చాక తేల్చుకోవాలంటే స్నేహాలు చెడతాయి.

పేర్లు ఎక్కడెక్కడ దాక్కుంటాయి

యంత్రం నుంచి వచ్చే డైకామ్ (వైద్య బొమ్మల ప్రామాణిక రూపం) ఫైలులో బొమ్మతో పాటు వివరాలు రాసే గళ్లు వందకు పైగా ఉంటాయి, ఒక్కోదానికీ ఒక నంబరు. పేరు 0010,0010లో, ఆసుపత్రి నంబరు 0010,0020లో, పుట్టినతేదీ 0010,0030లో, పంపిన డాక్టరు పేరు 0008,0090లో ఉంటాయి. వీటిని ఖాళీ చేయడం తేలికే. చిక్కంతా వేరేచోట.

మన పేర్లలో ఇంటిపేరు ముందొస్తుంది. యంత్రంలో ఇంటిపేరుకి ఒక చోటు, సొంతపేరుకి ఒక చోటు. రద్దీలో టెక్నీషియన్ ఎక్కడ చోటుంటే అక్కడ కొడతాడు. పేరు కాస్తా అధ్యయనం వివరణలోకి, ఫోన్ నంబరు 0010,4000 అనే వ్యాఖ్యల గడిలోకి పోతాయి. అందుకని తెలిసిన గళ్లు తుడిచి ఊరుకోకుండా తలకిందులుగా చేయండి: ఉంచాల్సిన గళ్ల జాబితా రాసుకుని మిగతావన్నీ తీసేయండి. యంత్రం కంపెనీలు సొంతంగా చేర్చుకునే బేసి సంఖ్యల గళ్లుంటాయి. సీమెన్స్ యంత్రాల్లో 0029తో మొదలయ్యేవి అలాంటివే. వాటిలో స్లైసుల (మెదడు అడ్డకోతల) వరుస, డిఫ్యూజన్ (నరాల పోగుల దారులు చూపే స్కాన్) వివరాల వంటి పనికొచ్చే సమాచారం కూడా ఉంటుంది కనుక నిఫ్టీకి (పరిశోధకులు వాడే బొమ్మల ఫైలు రూపానికి) మార్చడం ముందు, తుడవడం తర్వాత. మార్పిడి పనంతా ఆసుపత్రి గోడల లోపలే జరగాలి.

నిఫ్టీకి మార్చాక పేర్లు పోయాయనుకోవడం పొరపాటు. ఇంకా నాలుగు చోట్ల వెతకాలి. ఒకటి, డైకామ్‌ని నిఫ్టీగా మార్చే డీసీఎం2నిక్స్ ప్రోగ్రాము బొమ్మ పక్కన రాసే జేసన్ అనే వివరాల ఫైలు. మామూలుగా అది పేరు రాయదు, కానీ సిరీస్ వివరణ, ప్రోటోకాల్ పేరు యథాతథంగా రాస్తుంది. అక్కడ టెక్నీషియన్ కొట్టిందంతా వస్తుంది. రెండు, నిఫ్టీ తలభాగంలో వివరణ కోసం ఉండే 80 అక్షరాల చోటు. స్కాన్ల విశ్లేషణకి వాడే ఎస్పీఎం ప్రోగ్రాము అందులో స్కాన్ తేదీ, సమయం రాస్తుంది. మూడు, జీజిప్‌తో కుదించిన ఫైలు తన లోపల పాత ఫైలు పేరు దాచుకుంటుంది. రోగి పేరుతో ఉన్న ఫైలుని జిప్ చేసి, తర్వాత బయటి పేరు మార్చినా లోపల పాత పేరు అలాగే ఉంటుంది. పేరు మార్చాకే జిప్ చేయండి. నాలుగు, బొమ్మ మీదే పేరు అచ్చయి వచ్చే స్క్రీన్‌షాట్ సిరీస్‌లు. వాటిని మొత్తంగా పక్కన పెట్టేయడమే మేలు.

కోడ్ ఇచ్చేటప్పుడు ఇనీషియల్స్, ఆసుపత్రి నంబరులో చివరి అంకెలు, చేరిన తేదీ వాడకండి. 017 వంటి అంకెకి ముందు కేంద్రం గుర్తుగా రెండక్షరాలు చాలు, మధ్యలో గీతలు వద్దు. ఏ కోడ్ ఎవరిదో చెప్పే పట్టిక వేరే కంప్యూటర్లో, తాళంలో, ఇద్దరి దగ్గరే ఉండాలి. తేదీలు కావాల్సివస్తే ఒక మనిషి తేదీలన్నిటినీ ఒకే సంఖ్య రోజులు వెనక్కి జరపండి. రెండు స్కాన్ల మధ్య ఎడం చెడదు. జరిపిన తేదీలు 1925 కంటే వెనక్కి వెళ్లేట్టు చేస్తే అవి నిజమైనవి కావని చూడగానే తెలుస్తుంది.

ముఖం

మిల్లీమీటరు స్పష్టతతో తీసిన టీ1 (మెదడు నిర్మాణం చూపే) స్కాన్‌లో ముక్కు, పెదవులు, చెవులు అన్నీ ఉంటాయి. త్రీడీలో తిప్పితే తెలిసినవాళ్లు గుర్తుపడతారు. 2019లో అమెరికాలోని మేయో క్లినిక్ పరిశోధకులు 84 మంది స్కాన్లనీ ఫోటోలనీ ముఖాలు పోల్చే సాఫ్ట్‌వేర్‌కి ఇస్తే 70 మందిని సరిగ్గా జతచేసింది. కాబట్టి పైడీఫేస్ వంటి ప్రోగ్రాముతో ముఖం తీసేయాలి. టీ1కి తీసి, త్రీడీ ఫ్లెయిర్ అనే మరో రకం స్కాన్‌ని అలాగే వదిలేసే బృందాలున్నాయి. ముఖం ఉన్న ప్రతి సిరీస్‌కీ చేయాలి.

ఈ ప్రోగ్రాములు రెండు రకాలుగా తప్పుతాయి. తల వంకరగా పడుకున్నప్పుడు సగం ముక్కు మిగులుతుంది. మెదడు బాగా కుంచించుకుపోయిన వృద్ధుల్లో నుదుటి వెనకున్న మెదడు కొన ముఖంతో పాటు తెగిపోతుంది. రెండోది మరీ ప్రమాదం, ఎందుకంటే డిమెన్షియా పరిశోధనలో ఆ భాగమే కావాలి. ప్రతి మనిషికీ మూడు కోణాల బొమ్మ తీసి కళ్లతో చూడండి. ఒక్కొక్కరికి 20 సెకన్లు అనుకుంటే 300 మందికి 100 నిమిషాలు. ఆ సమయం మిగుల్చుకోకండి. ముఖంతో ఉన్న అసలు ఫైళ్లు ఆసుపత్రిలోనే భద్రంగా ఉంచాలి, రేపు మెరుగైన ప్రోగ్రాము వస్తే మళ్లీ చేయడానికి.

ఫోల్డర్ల అమరిక

దీనికి కొత్త పద్ధతి కనిపెట్టకండి. 2016లో ప్రచురితమైన బిడ్స్ అనే ఉమ్మడి అమరిక ఉంది. ప్రతి మనిషికీ ఒక ఫోల్డరు, అందులో నిర్మాణ స్కాన్లకి, మెదడు పనిని చూపే ఫంక్షనల్ స్కాన్లకి, డిఫ్యూజన్‌కి, అయస్కాంత క్షేత్రంలో తేడాలు చూపే ఫీల్డ్ మ్యాప్‌కి వేర్వేరు ఫోల్డర్లు, ప్రతి బొమ్మ పక్కన అదే పేరుతో జేసన్. పైన మనుషుల పట్టిక, డేటా వివరణ, రీడ్‌మీ. అయ్యాక అమరికని సరిచూసే బిడ్స్ వాలిడేటర్ ప్రోగ్రాము నడిపితే తప్పులు వరుస కట్టి చూపిస్తుంది.

బిడ్స్‌లో రిపిటీషన్ టైమ్ (ఒక్కో వాల్యూమ్‌కి, అంటే ఒక్కో పూర్తి మెదడు బొమ్మకి పట్టే సమయం) సెకన్లలో ఉండాలి, డైకామ్‌లో మిల్లీసెకన్లలో ఉంటుంది. చేత్తో నింపినప్పుడు 2 బదులు 2000 పడుతుంది. దీన్ని వాలిడేటర్ పట్టుకుంటుంది. అది పట్టుకోలేని తప్పులే అసలు తప్పులు. ఒకటొకటి విడిచి స్లైసులు తీసే పద్ధతిలో సీమెన్స్ యంత్రం, స్లైసుల సంఖ్య బేసి అయితే ఒకటో స్లైసుతో, సరి అయితే రెండో స్లైసుతో మొదలుపెడుతుంది. ఇది తెలియక “ఒకటితోనే మొదలు” అని రాస్తే స్లైసుల సమయం సవరింపు మొత్తం తిరగబడుతుంది. ఫిలిప్స్ డైకామ్‌లో ఫేజ్ ఎన్‌కోడింగ్ (బొమ్మ ఏ దిశలో సాగి వంకరవుతుందో నిర్ణయించేది) ముందు నుంచి వెనక్కా, వెనక నుంచి ముందుకా అన్నది ఉండదు. స్కాన్ రోజునే కన్సోల్ మీద చూసి రాసుకోవాలి. మొదట్లో, సిగ్నల్ స్థిరపడకముందు వచ్చాయని పారేసిన డమ్మీ వాల్యూమ్‌లు ఎన్నో, స్కాన్‌లో చేయించిన పని (టాస్క్) సమయాలు వాటిని పారేశాక లెక్కపెట్టారో, ముందో కూడా రాయండి.

కుడిఎడమలు తారుమారైతే బొమ్మ చూసి కనిపెట్టలేం. పాత అనలైజ్ ఫార్మాట్ నుంచి వచ్చిన స్కాన్లలో ఇది తరచుగా జరుగుతుంది. అందుకే స్కాన్‌కి ముందు విటమిన్ ఈ మాత్ర ఒకటి కుడి కణత మీద టేపుతో అంటించండి. నూనె కాబట్టి టీ1లో తెల్లగా మెరుస్తుంది. ఎన్నిసార్లు మార్చినా ఆ చుక్క ఎటుంటే అది కుడి. ముఖంతో పాటు ఆ చుక్క తెగిపోకముందే సరిచూసుకోండి. డిఫ్యూజన్‌కి రంగుల పటం గీయండి: రెండు అర్ధగోళాల్ని కలిపే కార్పస్ కలోసమ్ ఎర్రగా, కింది నుంచి పైకి వెళ్లే దారులు నీలంగా రావాలి. రంగులు సరిగ్గా ఉన్నా దిశల గుర్తు తిరగబడి ఉండవచ్చు. కార్పస్ కలోసమ్ దగ్గర పోగుల గీతలు వంపు వెంట సాగుతున్నాయో, అడ్డంగా తెగుతున్నాయో చూస్తే తెలిసిపోతుంది.

మనుషుల పట్టిక: మన డేటాకి విలువ ఇక్కడే

బయటి నుంచి తెచ్చుకున్న నమూనా పట్టికలో వయసు, లింగం, చేతివాటం ఉంటాయి. హైదరాబాద్‌కి అది చాలదు. నిమ్స్‌లో చూపించుకున్న 648 మంది డిమెన్షియా రోగుల మీద న్యూరాలజిస్ట్ సువర్ణ అల్లాది బృందం 2013లో ప్రచురించిన అధ్యయనంలో, రెండు భాషలు మాట్లాడేవారికి జబ్బు సగటున నాలుగున్నరేళ్లు ఆలస్యంగా మొదలైనట్టు తేలింది. చదువురానివాళ్లలోనూ ఆ తేడా కనిపించింది. భాషల వరుస లేకుండా ఇక్కడి డేటా పంపితే అలాంటి ప్రశ్న మళ్లీ ఎవరూ అడగలేరు.

కాబట్టి ఏయే భాషలు, ఒక్కోటి ఏ వయసులో వచ్చింది, ఇంట్లో ఏది, పనిలో ఏది అన్నవి రాయండి. చదువు ఎన్నేళ్లు అన్నది ఒక వరుస, చదవడం రాయడం వచ్చా, ఏ లిపిలో అన్నది వేరే వరుస. బడికి వెళ్లకుండానే పేపరు చదివేవాళ్లున్నారు, ఐదో తరగతి దాకా వెళ్లి సంతకం తప్ప రానివాళ్లూ ఉన్నారు. పరీక్ష ఏ భాషలో చేశారో తప్పనిసరి. ఒక అక్షరంతో మొదలయ్యే మాటలు చెప్పమనే పరీక్షలో తెలుగులో ఏ అక్షరం ఇచ్చారో, దాని గుణింతాలన్నిటినీ లెక్కలోకి తీసుకున్నారో లేదో రాయకపోతే ఆ మార్కుల్ని ఇంగ్లీషు మార్కులతో పోల్చే దారే లేదు.

చేతివాటం కూడా అంతే. ఎడమచేతి పిల్లల్ని తినడానికి, రాయడానికి కుడిచేతికి మార్పించడం మన ఇళ్లలో మామూలు. చేతివాటం ప్రశ్నల మొత్తం మార్కు మాత్రమే ఇస్తే వాళ్లంతా కుడిచేతివాళ్లయిపోతారు. ప్రశ్న ప్రశ్నకీ జవాబులు ఇవ్వండి, “చిన్నప్పుడు మార్పించారా” అని ఒక ప్రశ్న చేర్చండి.

పెద్దవాళ్లలో చాలామందికి పుట్టినతేదీ తెలియదు, కార్డులో జనవరి 1 అని ఉంటుంది. వయసు పక్కన “అంచనా” అని ఒక వరుస పెట్టండి. ఊరిపేరు, మండలం, కులం, పిన్‌కోడ్ పంపవద్దు. అరుదైన జబ్బు, మండలం పేరు రెండూ తెలిస్తే మనిషి తెలిసిపోతాడు. పల్లెనా, పట్నమా అన్నది చాలు. 89 దాటినవారందరినీ ఒకే గుంపులో వేయండి. ఏ గడిలోనైనా ఐదుగురికంటే తక్కువ మిగిలితే పక్క గడితో కలపండి.

ఈ పట్టికని ఎక్సెల్‌లో తెరిచి సేవ్ చేశారంటే, కేంద్రం అక్షరాలు లేకుండా రాసిన 017 కాస్తా 17 అవుతుంది, కొన్ని అంకెలు తేదీలవుతాయి, యూటీఎఫ్-8 కాకుండా సేవ్ అయితే తెలుగంతా ప్రశ్నార్థకాలవుతుంది. కోడ్ వరుసని ముందే టెక్స్ట్‌గా పెట్టండి. తెలియని విలువకి సున్నా గానీ 999 గానీ వేయకండి. బిడ్స్ చెప్పే ఎన్/ఏ గుర్తే వేయండి.

యంత్రాల మధ్య తేడా

1.5 టెస్లా, 3 టెస్లా (టెస్లా అంటే అయస్కాంత బలం కొలత) యంత్రాల బొమ్మలు కలిపితే యంత్రాల తేడానే జబ్బుగా కనబడుతుంది. వీలైతే ముగ్గురు నలుగురు ఆరోగ్యవంతులైన వాలంటీర్లు అన్ని కేంద్రాల్లోనూ స్కాన్ తీయించుకోవాలి. సాఫ్ట్‌వేర్ అప్‌గ్రేడ్ అయిన రోజు నుంచి పాత యంత్రాన్నే కొత్త యంత్రంగా పట్టికలో చూపండి. కాంబాట్ వంటి సవరింపు పద్ధతులు ఉన్నాయి, పనిచేస్తాయి కూడా. కానీ రోగులంతా ఆసుపత్రి యంత్రంలో, పోల్చడానికి తీసుకున్న ఆరోగ్యవంతులంతా యూనివర్సిటీ విద్యార్థులై వేరే యంత్రంలో ఉంటే ఏ లెక్కా కాపాడలేదు. జబ్బూ యంత్రమూ ఒకటైపోయాయి, విడదీయలేం. ఇది మన నగరంలో చాలా తేలిగ్గా జరిగే తప్పు. ప్రతి యంత్రంలో రెండు రకాల వాళ్లూ ఉండేట్టు మొదటి నెల నుంచే చూసుకోవాలి. రోగులకి తోడుగా వచ్చిన భార్యాభర్తల్ని అడిగితే వయసు, ఇంటి పరిస్థితి దగ్గరగా ఉండేవాళ్లు అక్కడే దొరుకుతారు.

పంపడం

ముందు సైజు లెక్కవేయండి. 104 × 104 × 72 కొలతల్లో 400 వాల్యూమ్‌ల ఫంక్షనల్ స్కాన్, ఒక్కో బిందువుకి రెండు బైట్ల చొప్పున కుదించకముందు దాదాపు 623 ఎంబీ. టీ1 సుమారు 23 ఎంబీ. మిగతావి కలుపుకుని మనిషికి 700 ఎంబీ అనుకుంటే 300 మందికి 210 జీబీ. సెకనుకి 100 మెగాబిట్ల లైను పూర్తిగా దొరికితే నాలుగున్నర గంటల పైచిలుకు. మధ్యలో తెగినా ఆగినచోటి నుంచి సాగే ఆర్‌సింక్ వాడండి. వాట్సాప్, సొంత డ్రైవ్ ఖాతాలు, పెన్‌డ్రైవ్‌లు వద్దు. డిస్క్ మీదే పంపక తప్పకపోతే మొత్తం డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి, పాస్‌వర్డ్ వేరే మనిషి ద్వారా ఫోన్లో చెప్పించండి. పంపేముందు ప్రతి ఫైలుకీ షా-256 సంఖ్య (ఫైలులో ఏ కాస్త మారినా మారిపోయే, వేలిముద్ర వంటి సంఖ్య) తీసి జాబితాగా పంపితే అటువైపు సరిచూసుకుంటారు. కుదించిన ఫైలు ఒకటి సగంలో పాడైనా మామూలుగా చూస్తే తెలియదు.

డేటా ఇవ్వడం అసలు కుదరకపోతే ప్రోగ్రామునే ఆసుపత్రికి తెప్పించుకోవచ్చు. మెదడు స్కాన్ల పరిశోధకుల ఎనిగ్మా కూటమి ఎన్నో దేశాల కేంద్రాలతో ఈ పద్ధతిలో పనిచేసింది: అందరూ ఒకే స్క్రిప్టు తమ దగ్గరే నడిపి ఫలితాల పట్టిక మాత్రం పంపుతారు. మెదడు భాగాల్ని కొలిచే ఫ్రీసర్ఫర్ ప్రోగ్రాము వెర్షన్, ఆపరేటింగ్ సిస్టమ్ మారితేనే కొలతలు కాస్త మారతాయి కనుక అందరూ ఒకే కంటైనర్ (ప్రోగ్రామునీ దానికి కావలసినవన్నిటినీ ఒకే మూటగా కట్టింది) వాడాలి.

పంపిన తర్వాత

డేటాకి వెర్షన్ నంబరు ఇచ్చి, మార్పుల ఫైలులో తేదీతో ఏది ఎందుకు మారిందో ఒక్కో వాక్యం రాయండి. ఎవరైనా తప్పుకుంటామని చెబితే ఆ మనిషి ఫోల్డరు, పట్టికలో వరుస, షా జాబితాలో పంక్తి తీసేసి కొత్త వెర్షన్ విడుదల చేయండి. పాత వెర్షన్ అందుకున్న ప్రతి బృందానికీ కోడ్ మాత్రమే రాసి, చెరిపేశామని రాతపూర్వకంగా జవాబు తెప్పించుకోండి. బ్యాకప్‌లలోనూ తీయించండి. ఆ కోడ్‌ని మళ్లీ ఇంకెవరికీ ఇవ్వకండి.